ప్లగ్గు పీకే ఇల్లు

నారాయణప్ప మెయిన్ స్విచ్ దించి వచ్చి, స్నానాలగది బయట గోడకున్న సాకెట్ స్క్రూలు రెండూ విప్పి జేబులో వేసుకున్నాడు. మూత ఊడదీసి చూస్తే లోపలి ఇత్తడి రేకులు సాగిపోయి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ప్లగ్గు పిన్నును అవి గట్టిగా పట్టుకోవాలి. ఇవేమో వదులైన చెప్పులా తగిలీ తగలకుండా ఉన్నాయి. ఒక మూల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కమురు వాసన కూడా వేస్తోంది. ఏడాదిలో ఆ ఇంట్లో అతను మార్చే మూడో సాకెట్ అది.

"ఇది సాకెట్ తప్పు కాదమ్మా, మీ చెయ్యి తప్పు," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

వంటింటి గుమ్మంలో కొత్తిమీర తుంచుతున్న పుణ్యవతి ఆగింది. "నా చెయ్యేం చేసిందండీ?"

"దినానికి నాలుగుసార్లు పీకుతాండారు, నాలుగుసార్లు గుచ్చుతాండారు. ఇనుమైనా అరుగుతాది."

"పనిలేనప్పుడు ప్లగ్గు గోడకెందుకండీ? మొన్న టీవీ కట్టేసిన రెండు గంటలకి స్టెబిలైజర్ మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. పనీపాటా లేకుండా వెచ్చగా కూర్చుందంటే, అది ఏదో తింటున్నట్టేగా?"

నారాయణప్ప నవ్వాడు. ఏలూరు నుంచి వచ్చి కొండాపూర్‌లో ఇల్లు కట్టుకున్న ఈ కుటుంబంలో భర్త రామబ్రహ్మం ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి, నెమ్మదైన మనిషి. కరెంటు వ్యవహారమంతా పుణ్యవతిదే. ఉదయం పది గంటలకు ఆయన బస్సెక్కగానే ఆవిడ ఇల్లంతా ఒక చుట్టు చుట్టి టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె, హీటరు రాడ్డు, ఇలా ఫ్రిజ్ ఒక్కటి తప్ప అన్నిటి ప్లగ్గులూ పీకేసి, వైర్లు చుట్టి మేకులకు తగిలిస్తుంది. దాన్ని నారాయణప్ప కాలనీ అంతా కథగా చెప్పేవాడు. "ప్లగ్గు పీకే ఇల్లు" అంటే ఏ ఇల్లో అక్కడ అందరికీ తెలుసు.

"తలుపుకు గడియేసినాక మళ్లీ అడ్డంగా గోడ గూడ కట్టుకుంటారామ్మా?" అన్నాడు కొత్త సాకెట్‌కు తీగలు బిగిస్తూ. ఎర్రది విప్పిన చోట ఎర్రది, నల్లది విప్పిన చోట నల్లది. "స్విచ్ అంటే గడియ. అది పైకి లేపితే ఇంగ చీమ గూడ దూరదు. ఈ ఇంటి వైరింగ్ చేసింది నేను. నా స్విచ్ మీద మీకు నమ్మకం లేదంటే ఆ మాట చెప్పండి."

ఆ చివరి మాటకు ఆవిడ కొంచెం నొచ్చుకుంది. "అయ్యో, అలా ఎందుకనుకుంటాను," అంది. మర్నాటి నుంచి పుణ్యవతి ప్లగ్గులు పీకడం మానేసింది.

అది కార్తీకం వెళ్లే రోజులు. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ తెరిచిన నెల. కొండాపూర్ చుట్టుపక్కల రాళ్లగుట్టలు పగిలి ప్లాట్లవుతున్న కాలం. గోడ లేచిన చోటల్లా నారాయణప్పకు కబురు వచ్చేది.

అతనిది తాడిపత్రి పక్క పల్లె. బడి ఐదుతో ఆగింది. బోరు మోటారు కాలిపోతే అనంతపురం నుంచి మెకానిక్ వచ్చేదాకా పంట ఎండుతుంటే చూడలేక, పాడైన మోటారొకటి అడిగి తెచ్చుకుని, చుట్టు విప్పి లెక్కపెట్టి, మళ్లీ చుట్టి, మూడుసార్లు కాల్చి నాలుగోసారి తిప్పాడు. ఎవరూ నేర్పలేదు. తర్వాత లింగంపల్లిలో వైండింగ్ దుకాణంలో ఆరేళ్లు పనిచేసి, సొంతంగా ఇళ్ల పని పట్టాడు. సర్టిఫికెట్ లేదు గానీ అతని తీగ గోడలో ఎక్కడ మలుపు తిరిగిందో పదేళ్ల తర్వాత కూడా కళ్లు మూసుకుని చెప్పేవాడు. బోర్డు బిగించే ముందు దాని వెనక పెన్సిల్‌తో తన పేరులోని రెండక్షరాలు, తేదీ వేసేవాడు. ఇంకొకరు చేసిన పనికి పిలిస్తే ముందు చొక్కా జేబులోంచి టెస్టరు తీసి ప్రతి రంధ్రంలోనూ పెట్టి చూశాకే చెయ్యి వేసేవాడు. "ఫ్యాను తిరిగితే పనైపోయిందనుకునేటోడు ఎలక్ట్రీషియన్ కాదు" అనేది అతను తరచుగా అనే మాట. తను చేసిన పనికి మాత్రం టెస్టరు తీసేవాడు కాదు. అదొక గర్వం. గర్వమని అప్పటికి అతనికి తెలియదు.

ధనుర్మాసం మొదలైన నాలుగో రోజు పొద్దున్నే రామబ్రహ్మం తనే వచ్చి పిలిచాడు. ఎప్పుడూ తొందరపడని మనిషి వగరుస్తున్నాడు.

నారాయణప్ప వెళ్లేసరికి పనిమనిషి భూలక్ష్మి వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. కుడిచేతి మణికట్టు వంకర తిరిగి వాచిపోయింది. ఎడమచేత్తో దాన్ని ఒళ్లో పట్టుకుంది. పుణ్యవతి ఆమె నోటికి నీళ్లగ్లాసు అందిస్తోంది. సంగతేమిటంటే, రామబ్రహ్మం స్నానానికి బకెట్లో రాడ్డు వేసి నీళ్లు కాచింది భూలక్ష్మి. కాగాయేమో చూద్దామని చెయ్యి పెట్టగానే కరెంటు కొట్టి వెనక్కి విసిరేసింది. బట్టలుతికే బండ మీద చెయ్యి పడి విరిగింది. కేక విని రామబ్రహ్మం పరుగెత్తి మెయిన్ దించాడు. ఆ కంగారులో ఎవరు ఏ స్విచ్ నొక్కారో ఎవరికీ గుర్తులేదు.

పక్కింటి సీతారామాంజనేయులు ప్రహరీగోడ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. కాలనీ సంఘానికి కార్యదర్శి ఆయన. "రాడ్డు నీళ్లలో నడుస్తుండగా వేలు పెడితే ఏమవుతుందో పసిపిల్లలకి కూడా తెలుసండీ," అన్నాడు.

"నేను బంద్ చేసిన సారూ," అంది భూలక్ష్మి. "స్విచ్ బంద్ చేసినంకనే చెయ్యి పెట్టిన. నా బిడ్డ మీదొట్టు."

"బంద్ చేస్తే కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా, ఆకాశంలోంచి ఊడిపడిందా? ఇదుగో, నారాయణప్ప వచ్చాడు. ఆయన చెప్తాడు."

అందరూ అతని వైపు చూశారు. నారాయణప్ప లోపలికి వెళ్లి స్విచ్ పైకి లేపాడు, దించాడు. టక్కు టక్కుమని నిక్కచ్చిగా పలికింది. తన చేత్తో నెల కిందట బిగించిన సాకెట్. మెయిన్ దించే ఉంది. మళ్లీ ఎక్కించి చూడాలన్న ఆలోచన రాలేదు. టెస్టరు చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి అటు పోలేదు.

బయటికి వచ్చి, "స్విచ్ ఆపింటే కరెంటు రాదు సార్," అన్నాడు. "ఏదో తొందరలో మరిచిపోయింటాది. మనిషన్నాక మరుపు ఉంటాది, ఆమెనేమీ అనొద్దండి." తను ఆమె పక్షాన మాట్లాడుతున్నాననే అనుకున్నాడు.

భూలక్ష్మి అతని ముఖంలోకి చూసింది. "అన్నా, నువ్వు గూడ గిట్లనే అంటున్నవా?" అంది.

రామబ్రహ్మం దంపతులే ఆమెను దవాఖానకు తీసుకెళ్లి కట్టు కట్టించారు. కానీ పనికి మాత్రం ఇంక రావద్దన్నారు. మరిచిపోయానంటే ఊరుకునేవాళ్లమనీ, బిడ్డ మీద ఒట్టేసి అబద్ధం చెప్పే మనిషిని ఇంట్లో ఎలా తిప్పుకుంటామనీ పుణ్యవతి బాధగానే అంది. ఆ మాట గోడ దాటి సీతారామాంజనేయులు ఇంటికి, అక్కణ్ణుంచి వెనక వీధిలోకి వెళ్లింది. భూలక్ష్మి చేసే మిగతా రెండిళ్లూ వారం తిరక్కుండా వేరే మనిషిని పెట్టుకున్నాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ నారాయణప్ప భార్య ఓబులమ్మ ఆ సంగతి ఎత్తింది.

"ఏమయ్యా, ఆ భూలక్ష్మి స్విచ్ ఆపలేదని నువ్వే చెప్పినావంట?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"మున్సిపాలిటీ కుళాయికాడ ఆమే కనపడింది. ఒంటిచేత్తో బిందె ఎత్తుకోల్యాక నిలబడింటే నేనే ఎత్తినా. నీ పెండ్లాన్నని తెలిసి గూడ ఒక్క మాట అనలేదు పాపం. పక్కనోళ్లు చెప్పినారు."

"ఆపింటే కొట్టదే. అంతే కదా నేను చెప్పింది."

"టెస్టరు పెట్టి చూసినావా?"

"నేను చేసిన వైరింగ్. దాంట్లో చూసేదేముండాది?"

ఓబులమ్మ ముద్ద కంచంలో పెట్టి, చెయ్యి అక్కడే ఆపింది. "చూడకనే చెప్పినావా?"

అతను కంచంలోని సంకటిని వేలితో కెలికాడు.

"పెండ్లయిన కొత్తలో ఒగసారి నా పప్పులో ఉప్పు చాలదన్న్యావు, గుర్తుండాదా? నోట్లో పెట్టుకోకనే. ఆ పొద్దు నవ్వి ఊరుకున్న్యా. పప్పు కాబట్టి సరిపోయింది."

నారాయణప్ప సంకటి సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

పుణ్యవతి తలుపు తీసింది. ఒకసారి సాకెట్ చూసి పోతానన్నాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు. స్నానాలగది బయట గోడ దగ్గర నిలబడి స్విచ్ పైకి లేపాడు. అంటే ఆపాడు. జేబులోంచి టెస్టరు తీసి కుడి రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు. ఎలా వెలుగుతుంది, ఆపాడు కదా. ఊపిరి కొంచెం తేలికైంది. పని పూర్తిగా చెయ్యాలి గనక ఎడమ రంధ్రంలో కూడా పెట్టాడు.

టెస్టరు పిడిలో ఎర్రటి చుక్క వెలిగింది.

తీశాడు. చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ వెలిగింది. కరెంటు ఎప్పుడూ ఉండకూడని రంధ్రం అది. వంటింట్లోకి వెళ్లి చూశాడు, హాల్లో చూశాడు. అన్ని సాకెట్లలోనూ అంతే. ఇంటికి కరెంటు వచ్చే తీగ, తిరిగి పోయే తీగ ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్ ఆపితే తెగేది తిరిగి పోయే దారి మాత్రమే. వచ్చే కరెంటు ప్లగ్గు దాకా, రాడ్డు దాకా వచ్చి అక్కడే కాచుకుని కూర్చుంటుంది. ఆ రాడ్డు పాతది, రెండు పిన్నులది, ఎర్తు లేదు. దాని గొట్టం నెర్రె విచ్చిందంటే నీళ్లన్నీ కరెంటే.

ప్లగ్గు పీకేస్తే మాత్రం ఏమీ కాదు. ఎన్నో నెలల నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోవడానికి కారణం నీళ్లు కాగగానే రాడ్డు ప్లగ్గు పీకించే పుణ్యవతి అలవాటు, ఆవిడ చెయ్యి. ఆ చేతిని నవ్వి ఆపించింది తను.

వరండాలో మీటరు కింద చెక్కబోర్డు మీద, స్తంభం నుంచి సర్వీసు తీగలు వచ్చి కలిసే కటౌట్, అంటే ఫ్యూజు డబ్బా, ఉంది. ఇది లైన్ మీద చెయ్యి పెట్టిన వేరే ఎవడి పనో అయి ఉండాలని నారాయణప్ప మనసులో ఒక మూల కోరుకున్నాడు. మూత విప్పి తిప్పాడు. లోపలివైపు పెన్సిల్ రాత ఉంది. నా.ప. 17-5-98.

మే నెల గుర్తొచ్చింది. ఆ ఎండల్లో ఒక ఫేజులో కరెంటు బలం లేక ఈ వరసలో ఐదిళ్ల ఫ్యాన్లు ఈగలు తోలలేకపోతుంటే, వేరే ఫేజుకు మార్చమని అందరూ చుట్టూ చేరారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపించి స్తంభమెక్కాడు. సర్వీసు తీగల మీది రంగులు ఎండకు వెలిసి రెండూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. ఈ ఇంటిదే ఆఖరిది. కలిపి, కరెంటు ఇప్పించగానే కింద ఐదిళ్లలో ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సీతారామాంజనేయులు మజ్జిగ పంపించాడు. కటౌట్ మూత బిగించి తేదీ వేసి మజ్జిగ తాగాడు. టెస్టరు పెట్టలేదు. ఫ్యాను తిరిగింది కదా.

మెయిన్ దించి, కటౌట్ దగ్గర రెండు తీగలూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. పది నిమిషాల పని. మెయిన్ ఎక్కించి సాకెట్లన్నీ చూశాడు. సరిగ్గా ఉన్నాయి. మూత బిగిస్తుంటే కళ్లు మీటరు మీద పడ్డాయి. ఇంట్లో ఏదీ నడవడం లేదు, ఫ్రిజ్ కూడా ఆగి ఉంది. అయినా మీటరులో రేకు, ఎర్రగీతతో సహా, నత్తలాగా కదులుతోంది.

"టీవీ, స్టెబిలైజరేనండీ. టీవీ బటనే ఆపుతాం, గోడ స్విచ్ వేసే ఉంటుంది," అంది పుణ్యవతి వెనక నుంచి. "అప్పట్లో పీకేస్తే ఆగిపోయేది. మీరు చెప్పాక మానేశాను."

ఎర్రగీత ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చేదాకా అతను దాన్నే చూశాడు. పద్నాలుగేళ్లుగా మీటర్లు బిగిస్తున్నాడు. ఇలా నిలబడి ఒక్కసారీ చూడలేదు.

"ఏమైనా తేడా ఉందా, నారాయణప్ప గారూ?"

"ఏం లేదమ్మా," అన్నాడు. "స్క్రూ ఒకటి వదులైంటే బిగించినా."

"మంచి పని చేశారు. మీరుండబట్టే మాకు ధైర్యం. కాఫీ తాగి వెళ్లండి."

ఆ కాఫీ ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు.

మే నెలలో మార్చిన మిగతా నాలుగిళ్లకూ వెళ్లి ఏదో వంక చెప్పి టెస్టరు పెట్టి చూశాడు. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ తప్పుగా ఉన్నా కొంత నయమనిపించేదేమో. నాలుగింట్లో సరిగ్గా చేసినవాడికి పని తెలియదని ఎవరూ అనలేరు. ఐదోది తెలియక చేసిన తప్పు కాదు. మజ్జిగ గ్లాసు కోసం చేసిన తప్పు.

ఇంటికి పోవలసినవాడు గుట్ట వెనక గుడిసెల వైపు నడిచాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. భూలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో బియ్యంలో రాళ్లేరుతోంది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. అతన్ని చూసి చాట పక్కన పెట్టి లేచింది.

"కూసో అన్నా. నీళ్లు దాగుతవా?"

"వద్దులే. నొప్పి ఎట్లుంది?"

"ఉంది. ఇంక నెల దాక ఇప్పరంట." తనంతట తనే అంది. "అన్నా, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు పని తెల్సినోడివి. అందరు అంటుంటే అంటుంటే నాక్కూడ డౌటొస్తుంది. రోజు రాత్రి పండుకోని యాది చేసుకుంట. స్విచ్ మీద ఏలు పెట్టినట్టే కనవడతది. కనవడ్డది నిజమా, నేను మనసుల అనుకున్నదా? నేనే బంద్ చెయ్యలేదేమో. బిడ్డ మీద ఒట్టుగూడ పెడితి."

చెయ్యి విరగ్గొట్టడం ఒక ఎత్తు. ఇప్పుడు ఆమె తన కళ్లతో చూసినదాన్నే నమ్మలేని స్థితికి వచ్చింది. దానికి కారణం స్తంభం మీది తీగ కాదు, వరండాలో అతనన్న మాట.

"నువ్వు ఆపినావు," అన్నాడు. "నువ్వు స్విచ్ ఆపినావమ్మా. తప్పు నాది. రేపు ఆదివారం, పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటికి రా. అందరి ముందర చెప్తా."

ఆమె వంగి చాట అందుకుంది. "నువ్వు ముందు పో అన్నా. నేను వస్త," అంది.

ఆదివారం అదే వరండా, అవే ముఖాలు. సీతారామాంజనేయులు ఈసారి గోడ ఇవతలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. భూలక్ష్మి మెట్టెక్కలేదు. గేటు దగ్గరే నిలబడింది. నారాయణప్ప జరిగింది చెప్పాడు. మే నెలలో తీగలు తారుమారు చేసింది తానేననీ, స్విచ్ ఆపినా కరెంటు ఉండిందనీ, ఆమె చెప్పింది నిజమనీ.

సీతారామాంజనేయులు తల పంకించాడు. "నీది పెద్ద మనసయ్యా నారాయణప్పా. ఆ మనిషి అవస్థ చూసి జాలిపడ్డావు. బాగానే ఉంది. కానీ నీ పనిలో తప్పంటే ఎవరు నమ్ముతారు?"

"నిజమే సార్, నేను చేసిందే."

"సరే, ఏదీ చూపించు."

రామబ్రహ్మం కూడా మెల్లగా అన్నాడు. "నిన్న సాయంత్రం మా తమ్ముడొచ్చి అన్నీ టెస్టరుతో చూశాడు. వాడూ ఈ పని చదువుకున్నవాడే. వైరింగ్ అంతా సవ్యంగా ఉందన్నాడండి."

"నిన్న మధ్యాహ్నం నేనే సరిచేసినాను కాబట్టి సార్."

"మరి స్క్రూ బిగించానన్నారు?" అంది పుణ్యవతి.

నారాయణప్ప ఆవిడ వైపు చూడలేకపోయాడు. "అబద్ధం చెప్పినానమ్మా."

వాళ్లెవరూ నమ్మలేదు. సీతారామాంజనేయులు ముఖంలో జాలినవ్వు ఒకటి అలాగే ఉంది. గేటు దగ్గర భూలక్ష్మి కాలి బొటనవేలితో మట్టిని గీకుతోంది. ఇంకో మాట చెప్తే ఇంకో మాట పెరుగుతుందే తప్ప ఆమె మీది మచ్చ పోదని అతనికి అర్థమైంది. పద్నాలుగేళ్లు కట్టుకున్న పేరు, ఆ రోజు అతని నిజానికే అడ్డం నిలబడింది.

సంచీ విప్పాడు. మెయిన్ దించి, కటౌట్ మూత తీశాడు. సరిగ్గా ఉన్న రెండు తీగలనూ విప్పి, మే నెలలో ఉన్నట్టే తప్పుగా బిగించడం మొదలుపెట్టాడు. తప్పు పని తెలిసి చెయ్యడం అతని చేతులకు అలవాటు లేదు. స్క్రూ రెండుసార్లు జారి కింద పడింది. వంగి వెతికాడు. వెనక నలుగురు చూస్తున్నారని వీపుకు తెలుస్తూనే ఉంది. బిగించి మెయిన్ ఎక్కించాడు.

"ఆ రాడ్డు, బకెట్టు తెప్పించండమ్మా."

ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి రాడ్డు వేసి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. భూలక్ష్మిని కూడా రమ్మన్నాడు. ఆమె రెండు మెట్లెక్కి అక్కడే ఆగింది.

"సార్, మీరే ఆపండి స్విచ్."

సీతారామాంజనేయులు స్విచ్ పైకి లేపాడు. ఆగిందని నిర్ధారించుకోవడానికి దాన్ని మళ్లీ వేలితో నొక్కి చూశాడు. నారాయణప్ప పొడి చెక్కపీట మీద నిలబడి, టెస్టరు మొనను నీళ్లకు తగిలించి పిడి మీద వేలు పెట్టాడు. ఎర్రచుక్క వెలిగింది. మొన తీస్తే ఆరింది. పెడితే వెలిగింది.

"ఇప్పుడు ప్లగ్గు పీకండమ్మా."

పుణ్యవతి ప్లగ్గు పీకింది. టెస్టరు నీళ్లలోనే ఉంది. చుక్క ఆరిపోయింది.

సీతారామాంజనేయులు కుర్చీ వైపు వెళ్లబోయి, కూర్చోకుండా నిలబడిపోయాడు. "ఆకాశంలోంచి అన్నాను," అని గొణిగాడు. ఆ తర్వాత భూలక్ష్మి వైపు తిరిగి ఏదో అనబోయి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

భూలక్ష్మి బకెట్టునే చూస్తోంది. "బంద్ చేసిన గదా," అంది ఎవరితోనూ కాదు, తనతో తనే. "నేను బంద్ చేసిన."

"చేశావే," అంది పుణ్యవతి. "నేనే నమ్మలేదు. పన్నెండేళ్ల పిల్ల మీద ఒట్టేసుకున్నా నమ్మలేదు. చెయ్యి కుదురుకోగానే వచ్చెయ్యి."

"కట్టు ఇప్పినంక చూద్దాం తియ్యమ్మా," అంది భూలక్ష్మి. కోపంగా అనలేదు, వినయంగానూ అనలేదు.

నారాయణప్ప అప్పటికే మెయిన్ దించి మళ్లీ కటౌట్ ముందు కూర్చున్నాడు. క్షమించమని అడగాలని వచ్చాడు గానీ ఆ మాట నోట్లోంచి రాలేదు. అడిగితే వాళ్లు పరవాలేదంటారు. ఆ పరవాలేదు వినడానికి అతనికి మొహం చెల్లలేదు. చేతిలో ఉన్న పని చేశాడు. తీగలు సరిచేసి బిగించాడు. ఈసారి స్క్రూ జారలేదు. కరెంటు తెచ్చే తీగకు ఎర్రటేపు నాలుగు చుట్లు చుట్టాడు, ఎంత ఎండకు వెలిసినా ఇంకొకడు పొరబడకుండా. మెయిన్ ఎక్కించి ఇంట్లో ప్రతి సాకెట్‌లో టెస్టరు పెట్టి, ప్రతిసారీ పుణ్యవతిని పిలిచి చూపించాడు. పాత రాడ్డు వైరును మొదలుకంటా కత్తిరించి, ఇంక ఎవరూ వాడకుండా గొట్టాన్ని మెట్టుకు వేసి వంచేశాడు. సంచీలోంచి మూడు పిన్నుల కొత్త రాడ్డు తీసి, ఎర్తు తీగ పట్టుందో లేదో లాగి చూసి బకెట్లో వేసి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు.

నీళ్లు గోరువెచ్చనయ్యాయి. స్విచ్ ఆపాడు. టెస్టరు నీళ్లకు తగిలించాడు. చుక్క లేదు. తన వేళ్లు నీళ్లలో ముంచి అలాగే కాసేపు ఉంచాడు. తర్వాత లేచి పక్కకు జరిగి, "నువ్వు చూడమ్మా," అన్నాడు భూలక్ష్మితో.

ఆమె దగ్గరికి వచ్చింది. ఆపి ఉన్న స్విచ్‌ను ఎడమ బొటనవేలితో మరోసారి పైకి నెట్టింది. అక్కడితో ఆగలేదు. ప్లగ్గు పట్టుకుని పీకేసింది. ఒంటిచేత్తో వైరు చుట్టి, ఎప్పుడూ పుణ్యవతి తగిలించే మేకుకు తగిలించింది. అప్పుడు వంగి రెండు వేళ్లు నీళ్లలో పెట్టింది. తీసి, కొంగుకు తుడుచుకుంది.

"మంచిగనే ఉన్నయి," అంది.

నారాయణప్ప తల ఊపాడు. కటౌట్ మూత వెనక పాత తేదీని చెరపలేదు. దాని కిందే కొత్త తేదీ వేసి, మూత పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించి, పుణ్యవతి వైపు తిరిగాడు.

"ప్లగ్గులు మామూలుగా పీకుతాండండమ్మా," అన్నాడు. "సాకెట్ అరిగితే కబురు పెట్టండి. వచ్చి మారుస్తా."